కల్వర్టు మీద వారం మూత

నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. అయినా తొంభైల చివర్లో, అనంతపురంలో, నా రాత్రులు కాలేజీ పిల్లల మధ్యనే గడిచాయి. నేను వాళ్ళలో ఒకణ్ణనుకున్నాను. కొంతకాలం వాళ్ళూ అలాగే అనుకున్నారు.

మాది బత్తలపల్లె పక్కన చిన్న పల్లె. నేను పదో తరగతి పాసయిన ఏడాది వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ఎగ్గొట్టింది. నాయన నన్ను ఇంటర్‌లో చేర్చే మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. అనంతపురం వచ్చి మోటార్లు రీవైండింగ్ చేసే షాపులో పనికి కుదిరాను. బోర్లలో నీళ్ళు అడుగంటేకొద్దీ ఆ షాపులో పని పెరిగేది. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన రాగితీగ లాగేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టడం మా పని. సాయంత్రం ఆరు కాగానే చేతులు కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని జిల్లా గ్రంథాలయానికి పోయేవాణ్ణి.

ఏది ముందు చదవాలో, ఏది తర్వాత చదవాలో చెప్పేవాళ్ళు నాకు లేరు. అందుకని నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. మొదటి బీరువాలో పై అర, ఎడమ చివర నుంచి మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోవడమే ఆ పద్ధతి. అలా తేనెటీగల పెంపకం తర్వాత రోమన్ సామ్రాజ్యం, దాని తర్వాత పండ్లతోటల పెంపకం, దాని తర్వాత ప్రపంచ భూగోళం చదివాను. అర్థం కానిది రెండుసార్లు, అప్పటికీ అర్థం కాకపోతే మూడోసారి. ముఖ్యమనిపించింది నోటుపుస్తకంలో ఎక్కించుకునేవాణ్ణి. అలా పదకొండు నోటుపుస్తకాలు నిండాయి. గర్వంగా చెప్పుకుంటున్నానని మీకనిపిస్తే అది గర్వమే, కాదనను. మా ఓనరుకు తెలియని సంగతులు నాకు వందల కొద్దీ తెలుసు. వాటిని వినడానికి మాత్రం ఒక్క మనిషి లేడు. షాపులో పక్కన కూర్చుని తీగ చుట్టేవాడికి రోమన్ చక్రవర్తుల గురించి మొదలుపెడితే, ముందు ఆ చుట్లు తప్పిపోకుండా చూసుకోమనేవాడు.

నా గది కాలేజీ వెనక వీధిలో ఒక మిద్దె మీద. అక్కడ వరసగా నాలుగు గదులు. మూడింట్లో విద్యార్థులు, నాలుగోదాంట్లో నేను. ఎండకు భయపడి ఆ వీధులు పగలంతా తలుపులేసుకుని పడుకునేవి. మెస్సుల్లో రాత్రి భోజనాలయ్యాకే అక్కడ అసలు రోజు మొదలయ్యేది. ఎనిమిదింటికి కరెంటు పోయేది. లుంగీలతో, బనియన్లతో అందరూ మిద్దెలెక్కి, ఈ మిద్దెకూ ఆ మిద్దెకూ మధ్య పాటల పోటీ పెట్టుకునేవాళ్ళు. కరెంటొచ్చాక కొందరు సెకండ్ షోకి, కొందరు ఆమ్లెట్ బండ్ల దగ్గరికి. పదకొండు దాటితే ఎస్టీడీ రేటు తగ్గుతుంది కనుక అప్పుడు ఫోను బూత్ ముందు వరస. లోపల ఎవడో గుసగుసగా మాట్లాడుతుంటే బయటివాళ్ళు అద్దం మీద కొట్టి తొందరపెట్టేవాళ్ళు. ఐదు రోజులకొకసారి, ఒంటిగంట దాటాక, కుళాయికి నీళ్ళొచ్చేవి. ఎవరో ఒకరు కేకేస్తే వీధంతా బకెట్లతో లేచేది. పరీక్షకు చదివేవాడు, సినిమా చూసి వచ్చినవాడు, తాగి వచ్చినవాడు అందరూ ఒకే కుళాయి దగ్గర తోసుకునేవాళ్ళు.

మొదటి ఏడాది ఇదంతా నేను మిద్దె పిట్టగోడ మీద కూర్చుని చూశాను. ఎవరూ నన్ను రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఫోను బూత్ వరసలో నేనెప్పుడూ నిలబడలేదు. మా పల్లెలో ఫోనున్న ఇల్లు ఒకటే. ఆ వేళప్పుడు వాళ్ళను లేపి నాయనను పిలవమనడానికి నా దగ్గర పెద్ద సంగతేమీ ఉండేది కాదు.

రెండో ఏడాది పక్క గదిలోకి కణేకల్లు వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. లా చదువుతున్నాడు. కాలువ నీళ్ళు పారే ఊరివాడు, మాటలో సగం కన్నడం, మొహమాటం అసలు లేదు. ఒక రాత్రి కరెంటు లేనప్పుడు దీపం దగ్గర నేను చదువుకుంటున్న పుస్తకం గుంజుకుని అట్ట చూసి, ఇది ఏ పరీక్షకని అడిగాడు. పరీక్షకు కాదన్నాను. ఎం.ఏ.నా అన్నాడు. "ఊ" అన్నాను.

ఆ ఒక్క "ఊ" తప్ప నేను వేరే అబద్ధం ఆడలేదు. కానీ దాన్ని వెనక్కి తీసుకోనూ లేదు. ఆ రాత్రే అతను నన్ను కల్వర్టు దగ్గరికి లాక్కుపోయాడు.

కాలేజీ వెనక గేటు నుంచి రైలుకట్ట వైపు పోయే దారిలో ఒక వంక ఉంది. నేనున్నన్నాళ్ళూ అందులో నీళ్ళు చూడలేదు. దాని మీద కల్వర్టు, పక్కన ఒక టీ బండి. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు ఏడెనిమిదిమంది రోజూ పదింటికి అక్కడ చేరి వంతులవారీగా ప్రశ్నలు వేసుకునేవాళ్ళు. అందరికంటే పెద్దవాడికి ముప్పై దాటాయి. ఆరేళ్ళుగా గ్రూప్స్ రాస్తున్నాడు. అందరూ పెద్దన్న అనేవాళ్ళు.

ఆ ఆటకు ఒకటే కట్టుబాటు. ప్రశ్న వేసినవాడే జవాబుకు పూచీ. ఆ జవాబు తప్పని ఎవరికైనా అనిపిస్తే "పేజీ" అంటారు. అంటే ప్రశ్న వేసినవాడు మర్నాడు రాత్రి పుస్తకం తెచ్చి, జవాబున్న పేజీ అందరికీ చూపించాలి. చూపించలేకపోతే వాడికి వారం మూత. చూపిస్తే, పేజీ అడిగినవాడికి మూత. మూత పడినవాడు రోజూ రావలసిందే, కల్వర్టు మీద కూర్చోవలసిందే, టీ తాగవలసిందే. ఏడు రాత్రులు నోరు మాత్రం తెరవకూడదు. పెద్దన్నకే ఒకసారి మూత పడింది. ఆ వారమంతా ఆయనకు కంఠతా వచ్చిన ప్రశ్నలే వెతికి వెతికి వేశారు. ఐదో రాత్రి ఆయన పట్టలేక వంకలోకి దిగిపోయి, కాసేపు రాళ్ళు విసిరి పైకి వచ్చాడు.

నా పదకొండు నోటుపుస్తకాలకు అక్కడ మొదటిసారి పని దొరికింది. వాళ్ళు గైడ్లు చదివేవాళ్ళు. నేను పుస్తకాలు చదివేవాణ్ణి. తేనెపట్టులో రాణి ఈగ ఎన్నాళ్ళు బతుకుతుందో గైడ్లలో ఉండదు. నెల తిరగకముందే నా పేరు పుస్తకాల బీరువా అయింది. "ఈయప్ప కడుపు కోస్తే పేగులు రావు, బైండింగు దారం వస్తాది" అని కణేకల్లు అబ్బాయి అంటే టీ బండి ఆయన కూడా నవ్వాడు. నావల్ల ఇద్దరికి మూత పడింది. ఏదో నది పొడవు దగ్గర నాకూ ఒకసారి పడింది. ఆ ఏడు రాత్రులూ నన్ను గిచ్చారు, కితకితలు పెట్టారు, మా పల్లె గురించి లేనిపోనివి కల్పించి చెప్పి నన్ను రెచ్చగొట్టారు. ఒక రాత్రి నేను నోరు తెరవబోయి ఆగితే అందరూ ఒకేసారి ముందుకు వంగారు. నా నోటి నుంచి ఒక మాట వస్తుందేమోనని అంతమంది ఎదురుచూడటం నాకు అదే మొదలు. ఆ వారం తొందరగా అయిపోకూడదనుకున్నాను.

పగలు మాత్రం భయంగా ఉండేది. ఎవరైనా మోటారు మోసుకుని మా షాపుకి వస్తే? రాత్రి టీ తాగేటప్పుడు వార్నిష్ పట్టిన గోళ్ళు కనపడకుండా గ్లాసును రెండు చేతులతో పట్టుకునేవాణ్ణి. నాకున్న చోటు ఆ కల్వర్టు ఒక్కటే. అది పోతే రాత్రులు మళ్ళీ పిట్టగోడ మీదే.

ఆ వేసవిలో ఒక రాత్రి నా వంతుకు, మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులెన్ని అని అడిగాను. కణేకల్లు అబ్బాయి ఆరన్నాడు. కాదు ఏడన్నాను.

"ఆరప్పా."

"ఏడు. కావాలంటే పేర్లు కూడా చెప్తా."

"పేర్లు వద్దు. పేజీ."

"తెస్తా."

"లా చదివేటోనితో పెట్టుకుంటాండావు. వారం ఉపాసమే నీ నోటికి, సూడు."

అందరూ ఈలలు వేశారు. నాకైతే రాత్రి నిద్ర పట్టలేదు, భయంతో కాదు, సంబరంతో. ఆ పేజీ నాకు కళ్ళ ముందే ఉంది. కుడివైపు పేజీ, పైనుంచి రెండో పేరా. నా చేత్తో నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నదే.

ఆ పుస్తకం అక్కడే కూర్చుని చదవాల్సింది, ఇంటికి ఇవ్వరు. కానీ అంతకు ముందు నెలలోనే గ్రంథాలయంలో కాలిపోయిన ఫ్యాన్ నేను ఊరకే చుట్టి ఇచ్చాను. ఆ చనువుతో గ్రంథపాలకుణ్ణి బతిమాలాను. ఆయన పొద్దున్నే తలుపు తీసేసరికి పుస్తకం మెట్ల మీద ఉండాలని చెప్పి, పాత పేపరులో చుట్టి చేతికిచ్చాడు.

ఆ రాత్రి రోజూ కంటే ఎక్కువమంది వచ్చారు. టీ బండి గ్యాస్‌లైటు కింద పుస్తకం తెరిచి పెద్దన్నకిచ్చాను. ఆయన బిగ్గరగా చదివాడు. ఏడు హక్కులు, చివరిది ఆస్తి హక్కు. ఎవరో కణేకల్లు అబ్బాయి వీపు మీద చరిచి, వారం పాటు తీరుబడేనన్నారు. అతను చొక్కాలో దోపుకున్న తన పుస్తకం బయటికి తీసి, మడిచిపెట్టుకున్న పేజీ తెరిచాడు. అందులో ఆరు.

రెండు వైపులా పేజీ ఉండటం అంతకు ముందెన్నడూ జరగలేదు. ఎవరికి మూత వేయాలో తెలియక గోల చేశారు. పెద్దన్న రెండు పుస్తకాలూ తీసుకుని మొదటి పేజీలు తిప్పాడు. నాది కొంచెం ఎక్కువసేపు చూశాడు.

"ఇది అచ్చయినప్పటికి నేను తప్ప మీరెవరూ పుట్టలేదప్పా," అన్నాడు.

డెబ్భైల చివర్లో రాజ్యాంగం సవరించి ఆస్తి హక్కును ఆ జాబితా నుంచి తీసేశారట. అప్పటి నుంచి ఆరే. నేను వరసగా చదువుకుంటూ వచ్చిన అరలో ఆ సవరణ తర్వాతి పుస్తకం లేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఓడినందుకు కొంచెం చిన్నతనంగా ఉన్నా, ఇక ఏడు రాత్రులు నన్ను ఎన్ని రకాలుగా ఏడిపిస్తారోనని అప్పటికే ఎదురుచూస్తున్నాను.

అప్పుడు కణేకల్లు అబ్బాయి అడిగాడు. అందులో ఏ దురుద్దేశమూ లేదు. నిజంగానే అతనికి అర్థం కాలేదు.

"ఎం.ఏ.లో మీ సారు చెప్పలేదా అప్పా? పదో తరగతి పిల్లోళ్ళ పుస్తకంలో కూడా ఉండాది కదా ఇది."

మరిచిపోయానని అనవచ్చు. మా సబ్జెక్టు వేరనవచ్చు. ఇప్పుడైతే నాకు పది జవాబులు తోస్తాయి. బడిలో నేనూ చదివే ఉంటాను, కానీ పరీక్ష కోసం చదివింది పరీక్షతోనే పోయింది. గ్రంథాలయంలో ఇష్టపడి చదివిందే లోపల నిలిచింది. పెద్దన్న చేతుల్లో నా పుస్తకం ఇంకా తెరిచే ఉంది. దాని ముందు మరో అబద్ధం ఆడటానికి నాకు మనసు రాలేదు.

"నాది ఎం.ఏ. కాదు," అన్నాను. "పదో తరగతితో ఆపేసినా. ఆడ టౌన్లో మోటార్లు చుడతా."

తిడతారేమో, ఇన్నాళ్ళుగా మోసం చేశావంటారేమో అనుకున్నాను. ఒక్కరూ ఆ మాటనలేదు. ఇదంతా ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నానా అని ఎవరో మెల్లగా అడిగారు. ఇంకొకరు తన చేతిలోని టీ నాకిచ్చి, తాగమన్నారు. కణేకల్లు అబ్బాయి నా చేతుల వైపు చూసి, నేను గమనించేసరికి చూపు తిప్పుకున్నాడు.

"అయితే మూత నాకే కదా పెద్దన్నా," అన్నాను.

"నీకెందుకులేప్పా మూత. పాత పుస్తకం దొరికింది, చదివితివి. నీ తప్పేముండాది దాంట్లో?"

"తప్పు జవాబు నాదే కదా. రూలు ఉండాది కదా."

"రూలు మాకులేప్పా," అన్నాడు ఆయన, ఎంతో ప్రేమగా.

మర్నాడు పొద్దున పుస్తకం మెట్ల మీద పెట్టేసి, షాపుకి పోయి రోజంతా తీగ చుట్టాను. రాత్రి గదిలో నోటుపుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఏది బతికుందో, ఏది కాలం చెల్లిందో తెలుసుకునే దారి లేదు. దేశాల పేర్లు, జనాభాలు, రైలు మార్గాలు ఎన్ని రాసుకున్నానో. నా పుస్తకాల్లో కొన్ని ఆనకట్టలు ఇంకా కట్టబోతూనే ఉన్నాయి.

అయినా కల్వర్టుకు పోయాను. వాళ్ళు వేయని మూత నేనే వేసుకున్నాను. ఏడు రాత్రులు నోరు తెరవకూడదని నిశ్చయించుకున్నాను. అది చూసి వాళ్ళకు తెలుస్తుందనుకున్నాను. ఎవరో ఒకరు గమనించి "ఒరే, బీరువా మూత పెట్టుకుండాది" అని కేకేస్తారు, గిచ్చుతారు, నవ్విస్తారు అనుకున్నాను. ఎవరూ గమనించలేదు. నేను బాధలో ఉన్నానని, మాట్లాడించకూడదని వాళ్ళలో వాళ్ళే అనుకున్నట్టున్నారు. నాకు అటూ ఇటూ కొంచెం ఎక్కువ చోటు వదిలి కూర్చునేవాళ్ళు. టీ మొదట నాకే అందించేవాళ్ళు. ఒకతను తన పాత గైడ్లన్నీ తాడుతో కట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి ఓపెన్ డిగ్రీలో చేరవచ్చని కణేకల్లు అబ్బాయి ఎవరినో కనుక్కుని వచ్చి చెప్పాడు. అంతకు ముందు నన్ను "ఏమప్పా" అని జబ్బ చరిచి పిలిచేవాడు. ఇప్పుడు దూరం నుంచే "అన్నా" అంటున్నాడు. వాళ్ళలో ఒక్కరు కూడా చెడ్డవాళ్ళు కారు. చెడ్డవాళ్ళయి ఉంటే నేను కోపమైనా తెచ్చుకునేవాణ్ణి.

ఎనిమిదో రాత్రి నా వంతు వచ్చింది. ఎవరూ నన్ను దాటేసి పోలేదు. అందరూ గౌరవంగా నా వైపు తిరిగారు. నేను షాపులో పగలంతా ఆలోచించి పెట్టుకున్న ప్రశ్న అడిగాను.

"మన రాష్ట్రంలో అన్నింటికంటే వాన తక్కువ పడే జిల్లా ఏది?"

ఇది ప్రశ్న కాదు. అనంతపురంలో పుట్టినవాడు అక్షరాలు నేర్వకముందే నేర్చుకునే సంగతి ఇది. మా షాపుకొచ్చే ప్రతి మోటారూ అదే చెబుతుంది. ఎవరో నవ్వు ముఖంతో మన జిల్లానే కదా అన్నారు.

"కాదు," అన్నాను. "కర్నూలు."

టీ బండి ఆయనది శింగనమల. ఆయన టీ వడపోస్తున్నవాడల్లా ఆపి తల తిప్పాడు. "కర్నూలేంది సామీ, మన..." అనబోయాడు. పెద్దన్న చెయ్యి కొంచెం పైకెత్తాడు. ఆయన నోరు మూసుకుని మళ్ళీ వడపోతలో పడ్డాడు.

నేను ఒక్కొక్కరి ముఖం చూశాను. ఒకతను చెప్పు విదిలించుకుంటున్నాడు. ఒకతను రైలుకట్ట వైపు చూస్తున్నాడు. కణేకల్లు అబ్బాయి ఖాళీ గ్లాసు అంచును బొటనవేలితో రుద్దుతున్నాడు. వానలు లేక తండ్రులు వలసపోయిన పిల్లలు కూడా వాళ్ళలో ఉన్నారు. ఇంకెవరైనా ఆ మాటంటే వంకలోకి తోసేసేవాళ్ళు.

"కర్నూలా అన్నా," అన్నాడు చివరికి పెద్దన్న పక్కనున్న అతను. "సరే."

తర్వాతి వంతు వాడు ప్రశ్న మొదలుపెట్టాడు. ఎవరూ పేజీ అడగలేదు.

ఇంటికి పోయేటప్పుడు రోజూలాగే కణేకల్లు అబ్బాయీ నేనూ కలిసి నడిచాం. సెకండ్ షో ఇంకా వదల్లేదు. వీధుల్లో కుక్కలు తప్ప ఎవరూ లేరు. మా మిద్దె మలుపు దాకా వచ్చాం. నేనే అన్నాను.

"నువ్వన్నా పేజీ అనింటే బాగుండు కదప్పా."

అతను ఆగాడు. "తెలిసే అంటివా అన్నా?"

"తెలిసే."

"ఎందుకన్నా అట్ల?"

అతను లా చదివేవాడు, ఆలోచించి తెలుసుకోగలడు. తల వంచుకున్నాడు.

"నిన్ను అడగాలంటే నోరు రాలేదన్నా," అన్నాడు. తర్వాత ఒక పరిష్కారం దొరికినవాడిలా తలెత్తాడు. "రేపు రా. రేపు ఏదో ఒకటి తప్పు చెప్పు. నేనే అంటా పేజీ. పెద్దన్నకు కూడా చెప్తా, మూత వేయిస్తా."

మనస్ఫూర్తిగానే అన్నాడు. చెప్పినట్టే చేసేవాడు కూడా. నేను సరేనన్నాను.

మర్నాడు రాత్రి పదింటికి అతను నా తలుపు తట్టేసరికి దీపం ఆర్పేసి గోడకానుకుని కూర్చున్నాను. "అన్నా" అని పిలిచాడు. కొంచెం ఆగి మళ్ళీ తట్టాడు. మెట్లు దిగే చప్పుడు, కింద గేటు గొళ్ళెం పడిన చప్పుడు వినిపించాయి. అతను వీధి చివరికి చేరి ఉంటాడనిపించేదాకా ఉండి, లేచి దీపం వెలిగించుకున్నాను.